పాలమూరు, నల్లగొండల్లో అంతర్జాతీయ సహాయ సంస్థలు ఏం చేస్తాయి? అందులో పనికి చేరొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీది నారాయణపేట దగ్గర ఊరు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) పూర్తయింది. ఏదైనా అంతర్జాతీయ మానవతా సంస్థలో చేరాలని ఉంది. ఇంట్లోవాళ్ళేమో "వాళ్ళు వస్తరు, ఫొటోలు దిగుతరు, పోతరు" అంటున్నారు. మన జిల్లాల్లో ఈ సంస్థల పని నిజంగా ఏమిటి, జనానికి మేలు జరుగుతుందా, ఇందులో చేరడం మంచిదేనా?

నేను ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఈ పనిలోనే చాలా ఏళ్ళు గడిపాను. వరద సాయం, తాగునీరు, పిల్లల పోషణ, ఈ మూడూ చూశాను. మేలు జరుగుతుంది. కానీ ఎంత జరుగుతుందన్నది ఢిల్లీ నుంచో జెనీవా నుంచో ఎంత డబ్బు వచ్చిందన్న దాన్ని బట్టి ఉండదు. ఊళ్ళో సాయం అందాల్సినవాళ్ళ పేర్ల జాబితా ఎవరు రాశారు, ఎలా రాశారు, అందులో ఎవరి పేరు రాకుండా పోయింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీరు ఈ రంగంలోకి వస్తే మీ అసలు పని ఆ జాబితాయే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను.

ముందు ఒక చిన్న విషయం తేల్చేద్దాం. అంతర్జాతీయ సంస్థ అనగానే మనవాళ్ళు అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. నిజానికి మూడు రకాలున్నాయి. మొదటిది రెడ్‌క్రాస్. 1859లో ఇటలీలోని సోల్ఫెరినో దగ్గర యుద్ధంలో గాయపడి దిక్కులేకుండా పడి ఉన్న సైనికులను చూసి హెన్రీ డ్యునాంట్ అనే స్విట్జర్లాండ్ వ్యాపారి చేసిన ఆలోచన అది. 1863లో జెనీవాలో మొదలైంది. యుద్ధాలు జరిగే చోట అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ పనిచేస్తుంది. వరదలు, భూకంపాలు వస్తే ఆ దేశపు సొసైటీ, దానికి అండగా అన్ని సొసైటీల సమాఖ్య దిగుతాయి. మన ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ 1920 నాటి చట్టంతో ఏర్పడింది. రాష్ట్ర శాఖకు గవర్నర్, జిల్లా శాఖకు కలెక్టర్ అధ్యక్షులుగా ఉంటారు. కాబట్టి అది పూర్తిగా సర్కారు ఆఫీసూ కాదు, మామూలు ఎన్జీవో కూడా కాదు.

రెండోది యూనిసెఫ్ లాంటి ఐక్యరాజ్యసమితి సంస్థలు. హైదరాబాద్‌లో ఉన్న యూనిసెఫ్ ఆఫీసు తెలంగాణతో పాటు ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలను కూడా చూసుకుంటుంది. వాళ్ళు ఊళ్ళోకి వచ్చి బియ్యం పంచరు. ప్రభుత్వ శాఖలకు శిక్షణ, సర్వేలు, సాంకేతిక సలహా, ఇలాంటివి ఇస్తారు. మూడోది విదేశీ విరాళాలతో నడిచే స్వచ్ఛంద సంస్థలు. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి, కేర్ సంస్థ పంపిన గోధుమ రవ్వతో బడిలో చేసిన ఉప్మా గుర్తున్నవాళ్ళు తప్పకుండా ఉంటారు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ స్పెయిన్ దాతల సాయంతో పెరిగి, నల్లమల అడవిలోని చెంచుల పెంటల (చిన్న ఆవాసాల) దాకా వచ్చింది.

ఇప్పుడు జాబితా సంగతి.

2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, కృష్ణ రెండూ ఒకేసారి పొంగాయి. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్ళు దాన్ని కూడా దాటిపోయాయి. కర్నూలు పట్టణం, ఇవతల అలంపూర్, సుంకేసుల బ్యారేజీ పక్కనే ఉన్న రాజోలి మునిగాయి. అలంపూర్, రాజోలి అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు జోగులాంబ గద్వాల. కరువు జిల్లా అని పేరుపడ్డ చోట అంత నీళ్ళు వస్తాయని ఎవరూ అనుకోలేదు. సహాయ సంస్థల దగ్గర కూడా ఈ జిల్లాకు కరువు ప్రణాళికలున్నాయి గానీ వరద ప్రణాళిక లేదు.

రాజోలి నేతన్నల ఊరు. గద్వాల చీరలు నేసేది గుంట మగ్గాల మీద. నేసే మనిషి నేల మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి పెడతాడు, తొక్కే పలకలు ఆ గుంటలోనే ఉంటాయి. ఇంట్లోకి నీళ్ళు వస్తే అన్నిటికంటే ముందు నిండేది ఆ గుంట, అన్నిటికంటే ఆఖరున ఆరేది కూడా అదే. గోడలు నిలబడి ఉంటాయి, పైకప్పు ఉంటుంది. బయట నుంచి చూసేవాళ్ళకు ఇల్లు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. లోపల మగ్గం చెక్క ఉబ్బిపోయి ఉంటుంది. అచ్చు (దారాలను విడదీసి పట్టే దువ్వెన లాంటిది) తుప్పు పట్టి ఉంటుంది. మగ్గం మీద ఉన్న పడుగు (నిలువు దారాలు) మొత్తం బురద. ఆ పట్టు, ఆ జరీ నేతగాడివి కావు, మాస్టర్ వీవర్ (సరుకు ఇచ్చి నేయించుకునే వ్యాపారి) ఇచ్చినవి. అంటే పని పోవడమే కాదు, చేయని చీరకు అప్పు కూడా మిగిలింది.

ఇళ్ళ నష్టం రాసే ఫారంలో "పూర్తిగా కూలినవి, పాక్షికంగా కూలినవి" అని గళ్ళుంటాయి. గోడ నిలబడి ఉన్న నేతగాడి ఇల్లు ఆ గళ్ళలో ఏదో చివర పడుతుంది. పంట నష్టం రాసేది పట్టాదారు పాసుపుస్తకం చూసి. కౌలుకు దున్నినవాడి పేరు అందులో ఉండదు. ఇదేదో ఎవరో కావాలని చేసిన అన్యాయం అని నేను అనడం లేదు. ఫారం ఏది అడిగితే అదే కాగితం మీదికి వస్తుంది. బయటి సంస్థ చేయగలిగిన అసలైన సాయం అక్కడే ఉంది: సర్కారు ఫారంలో పట్టని నష్టాన్ని వెతికి పట్టుకోవడం. పరుపులూ గిన్నెలూ పంచడానికి చాలామంది వస్తారు. గుంటలో బురద తోడించి, అచ్చులు కొత్తవి వేయించి, మళ్ళీ పడుగు ఎక్కేదాకా ఆ ఇంటికి కూలి ఆసరా ఇవ్వాలని అడిగేవాళ్ళు తక్కువ.

జాబితా ఎలా రాయాలో కూడా చెప్తాను, ఎందుకంటే ఎంఎస్‌డబ్ల్యూలో "భాగస్వామ్య పద్ధతులు" అని చదివి ఉంటారు గానీ ఊళ్ళో అది ఎలా ఉంటుందో వేరే సంగతి.

మొదట పొయ్యిలు లెక్కపెట్టాలి, రేషన్ కార్డులు కాదు. ఒక కార్డు మీద తండ్రి, పెళ్ళయిన ఇద్దరు కొడుకులు ఉంటారు. ఇల్లు ఒకటే, పొయ్యిలు మూడు. కార్డుకు ఒక కిట్ అంటే మూడు కుటుంబాలకు ఒక బకెట్, ఒక టార్పాలిన్. అదే ఇంట్లో కొడుకుల దగ్గర కాకుండా వెనక గదిలో విడిగా వండుకునే ముసలామె ఉంటే, ఆమెది నాలుగో పొయ్యి. ఆమె గురించి కొడుకులు చెప్పరు. పక్కింటివాళ్ళు చెప్తారు.

తర్వాత ఊరి పటం. గుడి ముందో, పంచాయతీ ఆఫీసు ముందో ముగ్గుపిండితో నేల మీద వీధులు గీయిస్తాం. ఎక్కడ గీస్తామన్నది ముఖ్యం. ఊరి నడుమ గీస్తే ఎస్సీ కాలనీ ఆడవాళ్ళు దూరంగా నిలబడి చూస్తారు తప్ప ముందుకు వచ్చి వేలు పెట్టి చూపించరు. అందుకని కాలనీలో ఇంకోటి, తండాలో ఇంకోటి గీయించాలి. సామాను పంచేటప్పుడూ ఇదే మాట. లారీ వచ్చి బస్టాండు దగ్గర ఆగితే బస్టాండు పక్కవాళ్ళకు రెండుసార్లు అందుతుంది, వాగు అవతలివాళ్ళకు సంచులు అయిపోయాక కబురు అందుతుంది. రెడ్‌క్రాస్ 1965లో వియన్నాలో ఏడు మూల సూత్రాలు పెట్టుకుంది. వాటిలో నిష్పక్షపాతం ఒకటి. అవసరాన్ని బట్టే సాయం, అందరికంటే ఎక్కువ ఆపదలో ఉన్నవాళ్ళకు ముందు. చదివితే అది పెద్ద మాటలా ఉంటుంది. మన ఊళ్ళో దానికి అర్థం లారీని ఎక్కడ ఆపాలో ముందే తేల్చుకోవడం.

ఆ తర్వాత పేర్లు గ్రామసభలో పైకి చదవాలి. చదివి పంచాయతీ గోడకు అంటించాలి. కనీసం రెండు రోజులు గడువు ఇచ్చి, అభ్యంతరాలు తీసుకుని, అప్పుడు టోకెన్లు ఇవ్వాలి. సర్పంచ్‌కు టెన్షన్ ఉంటుంది, "మనోళ్ళ పేర్లు ఏవి" అని వచ్చేవాళ్ళు ఉంటారు. కానీ చదివిన జాబితాను మార్చడం కష్టం. గదిలో రాసిన జాబితాను రాత్రికి రాత్రి మార్చేయొచ్చు.

వరద శిబిరాలకు అంతర్జాతీయంగా ఒప్పుకున్న కొలతలున్నాయి. 1997లో మొదలైన స్ఫియర్ ప్రమాణాలు అంటారు. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్ళు, తలదాచుకునే చోట మనిషికి 3.5 చదరపు మీటర్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, 250 మందికి ఒక కుళాయి. ఇవి నోటికి వచ్చి ఉండాలి. బడిలో శిబిరం పెట్టినప్పుడు ఒక తరగతి గదిలో ఎంతమందిని పడుకోబెట్టొచ్చో అధికారులతో మాట్లాడేటప్పుడు ఈ లెక్కలే మీకు బలం. "పాపం ఇరుకుగా ఉంది సార్" అంటే వినరు. "గదికి ఇంతమందే పడతారు, మిగతావాళ్ళకు పక్క హాస్టల్ తెరిపించండి" అంటే వింటారు.

ఇదంతా వరద సంగతి. మన జిల్లాల అసలు కష్టం వరద కాదు. మెల్లగా వచ్చేది, ఏటా వచ్చేది: వాన లేకపోవడం, వలస, నీళ్ళలో ఫ్లోరైడ్. ప్రపంచంలో మానవతా సంస్థల యంత్రాంగమంతా ఒక్కసారిగా విరుచుకుపడే ఆపదకు తగ్గట్టు తయారైంది. టీవీలో నీళ్ళు కనిపిస్తే విరాళాలు వస్తాయి. ఎండిన బోరుకు ఎవరు ఇస్తారు? నా ఉద్దేశంలో ఈ రంగంలో ఉన్న అతి పెద్ద లోపం ఇదే, దీన్ని మనలాంటి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళే గట్టిగా అడగాలి.

వలస మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కోస్గి, మద్దూరు, నారాయణపేట నుంచి బొంబాయి బస్సులు మీరు చూస్తూనే పెరిగి ఉంటారు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పంట కోతలయ్యాక బయల్దేరతారు, తొలకరికి తిరిగి వస్తారు. సంస్థల సర్వేలు ఎప్పుడు జరుగుతాయో తెలుసా? ఆర్థిక సంవత్సరం ముగిసే ముందు, అంటే జనవరి నుంచి మార్చి దాకా. సరిగ్గా ఇళ్ళకు తాళాలున్నప్పుడు. సర్వే చేసే కుర్రవాడు ట్యాబ్‌లో "ఇంట్లో ఎవరూ లేరు" అని నొక్కి పక్కింటికి పోతాడు. మళ్ళీ రెండుసార్లు వచ్చి చూడాలని నియమం ఉంటుంది, మూడోసారి కూడా తాళమే ఉంటుంది. చివరికి ఆ ఇల్లు లెక్కలోంచి పోతుంది. ఆ ఊళ్ళో అందరికంటే ఎక్కువ సాయం కావాల్సిన ఇల్లు ఏదంటే, తాళం వేసిన ఇల్లే.

మద్దూరు వైపు ఒక ఊళ్ళో నేను చూసింది చెప్తాను. తాళం వేసి ఉన్న ఇంటి అరుగు మీద ఒక ముసలాయన, పక్కన నాలుగేళ్ళలోపు మనవరాలు. "కొడుకూ కోడలూ పుణె పోయిన్రు సారూ, తాళంచెవి వాళ్ళ తానే ఉన్నది" అన్నాడు. మనవరాలు, తాత పక్కన ఉన్న పశువుల కొట్టంలో ఉంటున్నారు. అక్కడే పొయ్యి. మా దగ్గర చేతి చుట్టుకొలత చూసే టేపు ఉండేది. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకు ఎడమ భుజానికీ మోచేతికీ మధ్యలో చుట్టి చూస్తారు. 12.5 సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ, 11.5 నుంచి 12.5 మధ్య పసుపు, 11.5 కన్నా తక్కువైతే ఎరుపు. ఆ పిల్లకు ఎరుపు వచ్చింది. అంగన్‌వాడీ రిజిస్టరులో ఆ పిల్ల పేరు ఎదురుగా "వలస" అని రాసి ఉంది. తల్లిదండ్రులతో పాటే వెళ్ళిందనుకున్నారు. అంగన్‌వాడీ టీచర్‌ను తప్పుపట్టలేం, ఇంటికి తాళం చూసే రాసింది.

ఆ పిల్లను జిల్లా ఆసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చాల్సి వచ్చింది. దాదాపు రెండు వారాలు ఉండాలి, పక్కన పెద్దవాళ్ళు ఒకరు ఉండాలి. ముసలాయన వస్తే మేకలను ఎవరు చూస్తారు? చివరికి పక్కింటి ఆమె మేకలు చూస్తానంటేనే కదిలాడు. సంస్థ రిపోర్టులో ఇది "రిఫరల్: 1" అని ఒక్క గడిలో పడుతుంది. మేకలను చూసేవాళ్ళను కుదర్చడమే ఆ రోజు చేసిన అసలు పని. మీది ఆ ప్రాంతమే కాబట్టి, ఎవరింటి మేకలు ఎవరు చూస్తారో మీకు తెలుస్తుంది. బయటి నుంచి వచ్చే అధికారికి ఎంత చదువున్నా అది తెలియదు. అందుకే మీలాంటివాళ్ళు రావాలంటాను.

నల్లగొండ విషయానికి వస్తే, అక్కడి కథ ప్రపంచానికే పాఠం. 1966, 67 కరువు తర్వాత యూనిసెఫ్ గట్టి రాతిలో బోర్లు వేసే రిగ్గులను మన దేశానికి తెచ్చింది. 1970ల్లో యూనిసెఫ్ తోడ్పాటుతో ఇండియా మార్క్ 2 చేతిపంపు తయారైంది. దిగుడుబావి నీళ్ళ నుంచి వచ్చే కలరా, నారికురుపు లాంటి రోగాలను తగ్గించడంలో ఆ పంపు చేసిన మేలు చాలా పెద్దది, అందులో నాకు ఏ సందేహం లేదు. ఆఫ్రికా, ఆసియా దేశాలెన్నిటికో అదే పంపు వెళ్ళింది. కానీ మన నేల అడుగున ఉన్నది గ్రానైట్. లోతుకు పోయేకొద్దీ ఆ రాతిలోని ఫ్లోరైడ్ నీళ్ళలో కలుస్తుంది. నీళ్ళు తేటగా ఉంటాయి, రంగూ వాసనా ఉండవు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఊళ్ళలో దానికి ఎన్నో రెట్లు ఉన్న నీళ్ళను తరాల తరబడి తాగారు. ముందు పళ్ళు గారపట్టాయి, తర్వాత ఎముకలు వంగాయి, కీళ్ళు బిగుసుకుపోయాయి.

దానికి విరుగుడుగా నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970ల్లో తయారుచేసిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు వచ్చింది. నీళ్ళలో సున్నం, పటిక వేసి కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైన తేరిన నీళ్ళు వాడుకోవడం. క్రిములు పోవడానికి బ్లీచింగ్ పౌడర్ కూడా వేస్తారు. టాంజానియా, కెన్యా, ఇథియోపియా దేశాల్లో కూడా సహాయ సంస్థలు ఇదే పద్ధతిని ఇదే పేరుతో వాడి చూశాయి. కాగితం మీద చవకైనది, సులువైనది. కానీ రోజూ నీళ్ళను బట్టి పటిక మోతాదు సరిగ్గా వేయాలి, మడ్డి తీసి పారబోయాలి. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళు ఆపరేటర్‌కు జీతం వస్తుంది. ప్రాజెక్టు అయిపోయాక? పటిక కొనేది ఎవరు? పంచాయతీకి కరెంటు బిల్లే భారం. తుప్పుపట్టిన ట్యాంకులు, గోడ మీద దాత పేరున్న శిలాఫలకం, ఇవి మన దగ్గరే కాదు, ఆఫ్రికా ఊళ్ళలోనూ ఉన్నాయి.

చివరికి ఆ సమస్యకు సమాధానం వచ్చింది బోరు నీళ్ళను శుద్ధి చేయడం వల్ల కాదు, వాటిని మానేసి నది నీళ్ళు ఇవ్వడం వల్ల. ఫ్లోరైడ్ బాధితులే ఏళ్ళ తరబడి కృష్ణా నీళ్ళ కోసం పోరాడారు. 2015లో మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లో పెట్టడానికి కారణం ఆ పోరాటమే. ఇంత పెద్ద పని ఏ సహాయ సంస్థా చేయలేదు, చేయాలని ఆశించకూడదు కూడా. సంస్థలు చేయగలిగింది వేరు: నీళ్ళు పరీక్ష చేసి ఏ బోరు తాగకూడదో ఎర్ర రంగు వేసి చెప్పడం, బాధితుల లెక్క తీసి ప్రభుత్వం ముందు పెట్టడం. ఇప్పటికీ ఒక పని మిగిలే ఉంది. ఒకసారి వంగిన ఎముకను నది నీళ్ళు నిటారుగా చేయవు. నలభై, యాభై ఏళ్ళ వయసులో కర్ర సాయంతో నడిచేవాళ్ళు, మంచం దిగలేనివాళ్ళు ఆ ఊళ్ళలో ఉన్నారు. కొత్త కేసులు తగ్గాయి అనగానే ప్రాజెక్టులు వెళ్ళిపోయాయి. వాళ్ళకు కావాల్సింది ఫిజియోథెరపీ, చక్రాల కుర్చీ, నొప్పికి మందు, పింఛను కోసం వైకల్య సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి తోడు. మీరు ఎప్పుడైనా ప్రాజెక్టు ప్రతిపాదన రాసే స్థాయికి వస్తే ముందు దీని గురించి రాయండి.

నల్లమల చెంచుల గురించి ఒక్క మాటే రాస్తాను. అమ్రాబాద్, లింగాల అడవిలో అప్పాపూర్ లాంటి పెంటలకు వానాకాలంలో జీపు కూడా పోదు. అక్కడ నెలకోసారి వచ్చే సంస్థ కన్నా పెంటలోనే ఉండే ఆరోగ్య కార్యకర్త ఎక్కువ ఉపయోగం. చెంచు భాషా యాస, వాళ్ళ బిడియం తెలియనివాళ్ళను అక్కడికి పంపకూడదని నా గట్టి అభిప్రాయం.

రెడ్‌క్రాస్ మామూలు రోజుల్లో ఏం చేస్తుందన్నది ఎక్కువమంది గమనించరు. రక్తం. జాతీయ రహదారి 44 మీద జడ్చర్ల వైపో, 65 మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి వైపో ప్రమాదం జరిగినా, రక్తహీనతతో ఉన్న గర్భిణికి కాన్పు కష్టమైనా ముందు వెతికేది అదే. తలసేమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాల్సిందే, వాళ్ళకు అది అన్నంతో సమానం. సేకరించిన రక్తం మామూలుగా 35 రోజులు నిలవ ఉంటుంది, ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. మన దగ్గర రక్తం ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది కాలేజీ పిల్లలు. ఏప్రిల్, మే నెలల్లో సెలవులు, పైగా ఎండలు. సరిగ్గా అప్పుడే కొరత. అందుకని వేసవిలో క్యాంపులు పెట్టించగలిగిన మనిషి ఏ జిల్లా శాఖకైనా బంగారం. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. 18 ఏళ్ళు నిండి, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఆ హిమోగ్లోబిన్ దగ్గరే మన ఆడపిల్లలు చాలామంది ఆగిపోతారు. రక్తదాన శిబిరానికి వచ్చి వెనుదిరిగిన అమ్మాయిల పేర్లు రాసిపెట్టుకుని వాళ్ళకు ఐరన్ మాత్రలు అందేలా చూడటం కూడా పనే.

డబ్బు సంగతి కూడా తెలుసుకుని రండి. ఇప్పుడున్న విదేశీ విరాళాల చట్టం 2010లో వచ్చింది, 2020లో సవరించారు. ఇప్పుడు విదేశీ డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు, ఇంతకుముందు 50 శాతం దాకా ఉండేది. డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. లెక్కలు సరిగ్గా ఉండాలన్నది న్యాయమే. కానీ పెద్ద సంస్థ దగ్గర తీసుకుని ఊళ్ళలో పనిచేసే చిన్న సంస్థలు దీనితో బాగా దెబ్బతిన్నాయి. 2016లో ఇస్తాంబుల్‌లో దాతలూ సంస్థలూ కలిసి మానవతా నిధుల్లో 25 శాతం ఆయా దేశాల స్థానిక సహాయ సంస్థలకు వీలైనంత నేరుగా చేరాలని ఒప్పుకున్నాయి. ప్రపంచమంతా స్థానికులకు ఇవ్వాలంటున్న సమయంలో మన దగ్గర ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఊరి స్థాయి ఉద్యోగాలు ఎక్కువగా కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధుల మీదే నడుస్తున్నాయి. సీఎస్ఆర్ వాళ్ళకు తమ ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న ఊళ్ళే ముఖ్యం. షాద్‌నగర్, జడ్చర్ల దగ్గర పది సంస్థలుంటాయి, దామరగిద్ద వైపు ఒక్కటీ ఉండదు.

ఇక మీ ఉద్యోగం. మొదట దొరికేవి ఫీల్డ్ కోఆర్డినేటర్, కమ్యూనిటీ మొబిలైజర్ లాంటివి. కాంట్రాక్టు సాధారణంగా ఏడాది, ప్రాజెక్టు ఉంటే పొడిగిస్తారు. జీతం గురించి ఇంట్లో ముందే నిజం చెప్పండి, సర్కారు కొలువుతో పోల్చి చూసుకుంటే బాధే. టూవీలర్ నడపడం రావాలి. ఎక్సెల్, మొబైల్‌లో సర్వే ఫారం తయారుచేసే కోబో లాంటి యాప్‌లు నేర్చుకోండి, అవి వచ్చినవాళ్ళను ఎవరూ వదులుకోరు. మీ ప్రాంతంలో కన్నడ మాట్లాడే ఇళ్ళు ఉంటాయి, తండాల్లో లంబాడీ భాష ఉంటుంది. వాటిలో కొంచెమైనా మాట్లాడగలిగితే మీ అర్హతల్లో మొదట అదే రాయండి. ఇంగ్లీషు రిపోర్టు రాయడం ఆరు నెలల్లో వస్తుంది, దాని గురించి భయపడకండి.

మీ ఇంట్లోవాళ్ళు ఫొటోల గురించి అన్నది కొట్టిపారేయదగ్గ మాట కాదు. దాతకు రుజువు చూపించాలి కాబట్టి ఫొటో కావాలి, అది నిజం. కానీ బకెట్ అందుకుంటున్న మనిషి ముఖం తప్పనిసరి కాదు. సంతకం చేసిన రిజిస్టరు, టోకెన్ నంబరు, పంచిన సామాను, ఇవి చాలు. ముఖం తీయాలంటే ముందు అడగాలి, వద్దంటే సామాను ఇచ్చి పంపాలి. ఇది అన్ని పెద్ద సంస్థల నియమావళిలో ఉన్నదే. పాటించేది కింద ఉన్న ఉద్యోగి, అంటే రేపు మీరు.

చేరేముందు జిల్లా రెడ్‌క్రాస్ శాఖలో వాలంటీర్‌గా పేరు ఇచ్చి ప్రథమ చికిత్స శిక్షణ తీసుకోండి, ఒక వేసవి రక్తదాన క్యాంపుల్లో తిరగండి. అప్పటికే ఈ పని మీకు పడుతుందో లేదో తెలిసిపోతుంది. తర్వాత ఏ సంస్థ ఇంటర్వ్యూకు వెళ్ళినా, వాళ్ళు మిమ్మల్ని అడగడం అయిపోయాక మీరు మూడు ప్రశ్నలు అడగండి. ఈ ప్రాజెక్టు ఎన్నాళ్ళు? అది అయిపోయాక దీన్ని ఎవరు చూసుకుంటారు? జాబితాలో పేరు రానివాళ్ళు ఎవరి దగ్గరికి వచ్చి చెప్పుకోవాలి? మొదటి రెండిటికీ జవాబు తడబడినా పరవాలేదు, చాలా చోట్ల అంతే. మూడోదానికి జవాబు లేకపోతే ఇంకో సంస్థ చూసుకోండి.